ఒక్క చుక్క కూడా నేల రాలలేదు

"ప్రతి పౌరుడూ తన కారు ఇంజన్‌ను తన ఇంట్లోనే, తన చేతులతోనే, పర్యావరణానికి వెంట్రుకవాసి హాని కలగకుండా శుభ్రం చేసుకునే రోజు వచ్చింది. వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు ఆ మొదటి పౌరుణ్ణి నేనే. ఒక్క చుక్క జిడ్డు నేల మీద పడిందంటే ఆ క్షణమే పదవికి రాజీనామా!"

పర్యావరణ మంత్రిగారు ఈ మాట అనగానే సభలో చప్పట్లు పదకొండు నిమిషాలు మోగాయని పత్రికలు రాశాయి. నేను కొట్టలేకపోయాను. ఆ సమయానికి నా రెండు చేతులూ ఒక బస్సు గేర్‌బాక్సులో ఉన్నాయి.

నేను మెకానిక్కుని. మంత్రిగారి ఇల్లున్న వీధి చివరే నా షెడ్డు. ఇరవై ఆరేళ్లుగా ఇంజన్లు విప్పుతూ, తుడుస్తూ, బిగిస్తూ బతుకుతున్నాను. మంత్రిగారంటే నాకు మొదటినుంచీ అభిమానం. ఆయన ఒకసారి అన్న మాట వెనక్కి తీసుకోరు, ముందుకీ తీసుకెళ్లరు. అంత నిలకడ ఈ రోజుల్లో ఎవరికుంది?

మర్నాడు నాకొక నోటీసు వచ్చింది. ఇకమీదట పౌరులు ఇంజన్లను ఇళ్లలోనే శుభ్రం చేసుకుంటారు గనుక, ఇల్లు కాని చోట ఇంజన్ కడగడం నేరమట. పదిహేను రోజుల్లో షెడ్డు మూసెయ్యాలట.

మా ఆవిడ ఆ కాగితం రెండుసార్లు చదివింది.

"మీరు నెత్తిన పెట్టుకున్న మనిషేగా! ఇప్పుడు ఆయన్నే వండిపెట్టమనండి" అంది.

ఆ మధ్యాహ్నమే స్పెషల్ ఆఫీసరుగారు షెడ్డుకి వచ్చారు. ఇంజన్ శుద్ధి పథకానికి ఆయనే సర్వాధికారి. చేతిలో ఫైలు లేకపోతే నడక తప్పే మనిషి. బెంచీ మీద రుమాలు పరుచుకుని, దాని అంచున కూర్చుని అడిగారు.

"మేస్త్రీ, అసలు ఇంజన్ ఎలా కడుగుతారు?"

తెలిసింది చెప్పాను. బండి ఆపి ఇంజన్ చల్లారనివ్వాలి. బ్యాటరీ వైరు తీసెయ్యాలి. తడి తగలకూడని చోట్ల కవర్లు కట్టాలి. కింద రేకు ట్రే పెట్టాలి. వంటసోడా నీళ్లలో కలిపి పాత బ్రష్షుతో రుద్ది, తడిగుడ్డతో తుడిచెయ్యాలి. పైపుతో నీళ్లు కొట్టకూడదు. ట్రేలో దిగిన మురికిని డబ్బాలో పోసి మూతపెడితే పాత ఆయిలు కొనేవాడు వచ్చి పట్టుకుపోతాడు.

"మొత్తం ఎంతసేపు?"

"అరగంట సార్."

ఆఫీసరుగారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అరగంటా? లైవ్ మూడు గంటలు పెట్టుకున్నామయ్యా! ఇంతకంటే కష్టమైన పద్ధతేదీ లేదా?"

"కష్టం ఎంతసేపు సార్, మీరు చేస్తే అదే అవుతుంది" అన్నాను.

ఆయన దాన్ని సలహా కింద రాసుకుని, నన్ను సాంకేతిక సలహాదారుగా నియమించారు. పని సవ్యంగా జరిగితే నోటీసు సంగతి చూస్తానన్నారు. నా అభిమానం ఇంకొంచెం పెరిగింది.

మంత్రిగారింటి ఆవరణలో బానెట్ ఎత్తి చూశాను. లోపల ఇంజన్ పెళ్లిచూపులకి ముస్తాబైన పిల్లలా తళతళలాడుతోంది. రోజూ శాఖవాళ్లు ముగ్గురు తుడుస్తారట. మురికన్నది మచ్చుకైనా లేదు.

మంత్రిగారు చిన్నబుచ్చుకున్నారు. "ఏమయ్యా మేస్త్రీ, నా ఇంజన్‌కి జిడ్డు లేకపోతే జనం ఏమనుకుంటారు? మంత్రి కారెక్కడు, పర్యటనలు చెయ్యడు అనుకోరూ?"

"జిడ్డు ఏర్పాటు చేస్తాం సార్" అన్నారు ఆఫీసరుగారు.

"ఆ జిడ్డు కూడా పర్యావరణానికి హాని చెయ్యనిదై ఉండాలి."

"అలాంటి జిడ్డే చేయిద్దాం సార్."

గంటలో ఏర్పాటైంది. వంటింట్లోంచి రెండు కిలోల వెన్న తెచ్చి, కాటుక కలిపి, ఇంజన్‌కి పూశారు. ఫోటోలో అచ్చం పదేళ్లు నడిచిన బండిలాగే ఉంది. సాయంత్రం రిహార్సల్ అనుకుని అందరం టీకి వెళ్లాం. తిరిగొచ్చేసరికి పక్కింటి పిల్లి ఇంజన్ మీద కూర్చుని మూతి తుడుచుకుంటోంది. ఇంజన్ మళ్లీ తళతళలాడుతోంది. నీళ్లు లేవు, సబ్బు లేదు, చుక్క నేల రాలలేదు. మొత్తం పథకంలో పర్యావరణానికి హాని లేకుండా ఇంజన్ శుభ్రపడింది ఆ ఒక్కసారే.

మంత్రిగారి అత్తగారు వరండాలో కుర్చీ వేసుకుని ఇదంతా చూస్తున్నారు. డెబ్బై దాటినా చూపూ మాటా రెండూ పదునే.

"అల్లుడుగారూ, ఆ పిల్లికే శాఖ అప్పగించెయ్యండి. నా వెన్న పోతే పోయింది" అన్నారు.

మంత్రిగారు ఒక్క క్షణం ఆలోచించారు కూడా. "వద్దు అత్తయ్యగారూ. పేరంతా దానికి పోతుంది" అన్నారు.

దాంతో అసలు జిడ్డు తెమ్మని నన్నే పంపారు. షెడ్డులో బస్సుల నుంచి తీసి దాచిన పాత గ్రీజూ నల్ల ఆయిలూ నాలుగు డబ్బాలు పట్టుకెళ్లాను. శుక్ర, శనివారాల్లో ఆరు రిహార్సళ్లు జరిగాయి. ప్రతిసారీ నేను పూయడం, మంత్రిగారు ఒకసారి గుడ్డతో తాకడం, మిగతాది సిబ్బంది కడగడం. ఒక కారును ఇంత ఓపికగా మురికి చేసి ఇంత ఓపికగా కడిగిన ప్రభుత్వం నాకు తెలిసి ఇంకోటి లేదు.

ఆదివారం వచ్చింది. నలభై వాహనాలు వచ్చాయి. వాటి ఇంజన్లు ఆపలేదు, ఏసీలు ఆగిపోతాయని. ఆవరణలో పచ్చగడ్డి మీద చుక్క పడకుండా, పచ్చగడ్డి బొమ్మ అచ్చేసిన ప్లాస్టిక్ షీటు పరిచారు.

కార్లో ఫ్యూజుల పెట్టెకీ డైనమోకీ కవర్లు కట్టబోతుంటే ఆఫీసరుగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"ఏంటది? ప్లాస్టిక్కా? ప్లాస్టిక్‌ని నిషేధించిందే మన శాఖ!"

"మరి కింద పరిచింది సార్?"

"అది ప్లాస్టిక్ కాదు, డెకరేషన్."

చివరికి డైనమోకి మంత్రిగారి బొమ్మ ఉన్న కాగితపు సంచీ తొడిగాం. ఇంజన్ చల్లారనివ్వమన్నాను. లైవ్ మొదలైపోయిందన్నారు. బ్యాటరీ వైరు తీస్తానన్నాను. బానెట్ లోపల లైటు ఆరిపోతే కెమెరాకి కనపడదన్నారు.

మంత్రిగారు తెల్లబట్టల్లో, తెల్ల గ్లవ్స్‌లో వచ్చి, బ్రష్షు ఎత్తి, ఇంజన్ వైపు చూసి చెమర్చిన కళ్లతో మాట్లాడారు. "ఇది నా ఒక్కడి ఇంజన్ కాదు. మనందరి ఇంజన్!" తర్వాత బ్రష్షుతో నాలుగుసార్లు రుద్దారు. కెమెరా అతను అది తెరమీద ఆనడం లేదన్నాడు. వెంటనే పక్కనే సిద్ధంగా ఉన్న ఫైరింజన్ పైపు మంత్రిగారి చేతికిచ్చారు.

నేను కళ్లు మూసుకున్నాను. కళ్లు తెరిచేసరికి కారు లేదు, ఆవిరి మబ్బు ఉంది. మబ్బులోంచి నల్లటి నీళ్లు నాలుగు వైపులా చిమ్ముతున్నాయి. శాఖ సిబ్బంది అరవైమంది స్పాంజిలూ బకెట్లూ పట్టుకుని, బంతి పట్టేవాళ్లలా పక్కలకి దూకి మరీ చుక్కలు పట్టుకున్నారు. ఒకాయన దోసిలి పట్టాడు. ఇంకొకాయన వేరే దారి లేక నోరు తెరిచాడు. ఆయనకి తర్వాత ప్రమోషన్ వచ్చింది.

ఒక్క చుక్క మాత్రం అందరినీ తప్పించుకుని మంత్రిగారి బూటు మీద పడింది. అందరి చూపులూ ఆ బూటు మీదికి తిరిగాయి.

"ఆఫీసరు గారూ, బూటు నేల కిందికి వస్తుందా?" అని అడిగారు మంత్రిగారు.

"రాదు సార్. నేలే బూటు కిందికి వస్తుంది."

చప్పట్లు మారుమోగాయి. కారు మాత్రం మళ్లీ స్టార్ట్ కాలేదు. పన్నెండుమంది కలిసి దాన్ని నా షెడ్డులోకి తోశారు. కాలుష్యం లేని ప్రయాణం అని టీవీ వాళ్లు దాన్ని కూడా చూపించారు.

సాయంత్రానికి లెక్క చూస్తే రిహార్సళ్లతో కలిపి మురికినీళ్లు పదకొండు డ్రమ్ములు తేలాయి. వాటిని ఏం చెయ్యాలన్నది ఫైలులో లేదు. పాత ఆయిలు కొనేవాణ్ణి పిలుస్తానన్నాను. "మంత్రిగారి జిడ్డుని ఎవడికి పడితే వాడికిస్తామా? ప్రోటోకాల్ ఏం కావాలి?" అన్నారు ఆఫీసరుగారు. రెండేళ్ల క్రితం మంత్రిగారే ప్రారంభించిన వ్యర్థాల శుద్ధి కేంద్రానికి డ్రమ్ములు పంపారు. వెళ్లినవాళ్లు వెనక్కొచ్చి, అక్కడ గేటు ఉంది, గేటుకి తాళం ఉంది, వెనకాల కేంద్రం లేదు అని రిపోర్టు ఇచ్చారు.

డ్రమ్ములు దింపితే నేల మీద దింపాలి. ఒక్కటి కారినా రాజీనామా. ఆఫీసరుగారు రెండు రోజులు తిండి మానేసి రూల్సు పుస్తకం చదివి, మూడోరోజు వెలిగిపోతున్న ముఖంతో వచ్చారు.

"మేస్త్రీ, దొరికింది! డ్రమ్ములు ఒకచోట ఉంటే నిల్వ. నిల్వకి మనకి లైసెన్సు లేదు. కదులుతూ ఉంటే రవాణా. రవాణాకి ఉంది!"

"ఎక్కడికి రవాణా సార్?"

"ఎక్కడికీ కాదు. చేరితే మళ్లీ నిల్వ అవుతుంది."

అలా డ్రమ్ములు లారీలోనే ఉండిపోయాయి. ముందు పైలట్ జీపు, వెనక లారీ, ఊరి చుట్టూ రింగురోడ్డు మీద తిరగడం మొదలుపెట్టాయి. డీజిల్ పోయించుకోవడానికి తప్ప ఆగకూడదని ఆర్డరు.

మాట ప్రకారం ఆఫీసరుగారు నా సంగతీ చూశారు. నోటీసు రద్దు చెయ్యడానికి రూలు లేదు గనుక, నా షెడ్డుకి ఇంటి హోదా ఇచ్చారు. షరతు ఒక్కటే. అది ఇల్లని రుజువు చెయ్యడానికి పగటిపూట ఇల్లాలు అందులో ఉండాలి, పొయ్యి వెలగాలి. మర్నాటినుంచి మా ఆవిడ జాకీలకీ టైర్లకీ మధ్య మంచం వేసుకుని, స్టవ్వు పెట్టుకుని కాపురం మొదలుపెట్టింది.

"ఇన్నాళ్లూ మీరు ఇంటికి రావడం లేదని ఏడ్చేదాన్ని. ఇప్పుడు ఇల్లే మీ దగ్గరికి వచ్చింది" అంది. అది సంతోషమో ఎత్తిపొడుపో నాకు అర్థం కాలేదు.

పంతొమ్మిదో రోజు ఉదయం, ఆ లారీయే నా షెడ్డు ముందు ఆగింది. జీపు వాళ్లు టీ తాగడానికి వెళ్లారు. డ్రైవరు దిగాడు. గడ్డం పెరిగి, కళ్లు లోతుకుపోయి ఉన్నాడు.

"అన్నా, కాస్త ఇంజన్ చూడవూ. పొగ కక్కుతోంది. పంతొమ్మిది రోజుల్నుంచి ఆపకుండా తిరిగితే ఒళ్లంతా జిడ్డు పట్టేసింది."

"నువ్వు ఆగకూడదుగా?"

"ఇది ఇల్లంటగా. ఇంటి దగ్గర ఆగితే ఆగినట్టు కాదంట, వచ్చినట్టంట. ఆఫీసరుగారిని అడిగే వచ్చా."

ఇంజన్ చల్లారనిచ్చాను. వైరు తీసి, కవర్లు కట్టి, ట్రే పెట్టి, సోడా నీళ్లతో రుద్ది, గుడ్డతో తుడిచాను. లారీ ఇంజన్ కాబట్టి ముప్పావుగంట పట్టింది. ట్రేలో ఒక డబ్బాడు మురికి దిగింది. ఎలాగూ పదకొండు డ్రమ్ములు ఉన్నాయి కదా, ఇదీ వాటిలో పోసేద్దామని లారీ ఎక్కాను.

మొదటి డ్రమ్ము పక్కకి జరుపుదామని బలమంతా పెట్టి నెట్టాను. అది ఖంగుమని దొర్లింది. దాంతోపాటు నేనూ దొర్లాను. రెండోదాన్ని ఒంటిచేత్తో ఎత్తాను. మూడోదాన్నీ అంతే. పదకొండూ అంతే. మూతలు మాత్రం గట్టిగా బిగించి ఉన్నాయి.

కింద డ్రైవరు టైరులో గాలి చూస్తున్నట్టు తల వంచుకుని నిలబడ్డాడు.

"ఏమయ్యా, ఇవేంటి ఇలా ఉన్నాయి?"

"ఎండలన్నా. ఆవిరైపోయుంటాయి."

"మూతలు బిగించి ఉంటేనా?"

వాడు టీకొట్టు వైపు ఒకసారి చూశాడు. "మొదటిరోజు పక్కనుంచి ఒకటే కారుతున్నాయి. జీపువాళ్లు నిద్రపోతుంటే మన ఊరి మంచినీళ్ల రిజర్వాయరు గట్టు మీద గంటసేపు ఆపా. అక్కడ ఎండ మరీ ఎక్కువగా ఉంది" అన్నాడు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు. "ఖాళీ అని ఎవరికీ చెప్పకన్నా. చెబితే బండి ఆపేస్తారు. బండి ఆగితే నా పని పోతుంది. ఇంట్లో ముగ్గురు పిల్లలు."

నాకూ ఒక షెడ్డుంది, అంటే ఇల్లుంది. డబ్బాడు మురికినీ మొదటి డ్రమ్ములో పోసి మూత బిగించాను. ఆ రోజు పేపర్లో మంత్రిగారి ఫోటో వేశారు. నేల రాలని చుక్క గురించి మాట్లాడమని విదేశాల వాళ్లు ఆయన్ని పిలిచారట. గర్వంగా అనిపించింది.

మా ఆవిడ కుళాయి తిప్పి గ్లాసుడు నీళ్లు పట్టి తెచ్చింది.

"ఎండన పడి వచ్చావు. తాగు తమ్ముడూ."

డ్రైవరు గ్లాసు అందుకున్నాడు. వెలుతురుకి ఎత్తి పట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. తాగకుండానే బెంచీ మీద పెట్టేశాడు.

"వద్దొదినా" అన్నాడు.

క్యాబిన్‌లోకి వెళ్లి సీలు ఉన్న నీళ్లసీసా తీసి, విప్పి, గటగటా తాగాడు. ఏమనుకున్నాడో, ఇంకో రెండు సీసాలు తెచ్చి స్టవ్వు పక్కన పెట్టి, మా ఇద్దరి వంకా చూడకుండా బండెక్కాడు. జీపు సైరన్ మోగింది. పదకొండు డ్రమ్ములూ గణగణలాడుతూ మళ్లీ రింగురోడ్డు వైపు బయల్దేరాయి.

మా ఆవిడ ఆ సీసాల వంక వింతగా చూసి, స్టవ్వు మీది గిన్నె మూత తీసింది.

"ఏమండీ, ఎసరు మరిగింది. బియ్యం వెయ్యమంటారా?"