బీరువాకు పట్టిన పురుగు

ఆదివారం ఉదయం లెక్కల మాస్టారి భార్య ఒక్కటే పని పెట్టుకుంది. పుట్టింటివాళ్ళిచ్చిన టేకు బీరువాను అద్దంలా తుడవాలి. మధ్యాహ్నం ఆవిడ తల్లి వస్తోంది. పెద్దకూతురు బాగా చూసుకోకపోతే బీరువా చిన్నకూతురికి ఇచ్చేస్తానని ఫోన్‌లో ముందే బెదిరించింది. ఆ బీరువా అంటే ఆవిడకు ప్రాణం.

సరిగ్గా అప్పుడే మాస్టారికి బీరువా పక్కన నల్లటి బుల్లి పురుగు కనబడింది. చీమకూ దోమకూ తేడా పట్టించుకోని ఆ మహానుభావుడికి ఒక్కసారిగా శాస్త్రం పూనింది. పురుగుల్ని గుర్తుపట్టే యాప్ తెరిచి, స్పష్టంగా రావాలని భూతద్దం అడ్డుపెట్టి మరీ ఫొటో తీశారు. గోరంత పురుగు బొటనవేలంత అయింది. యాప్ పాపం నమ్మేసింది.

"చెక్క తొలిచే పురుగట! బీరువా పిండైపోతుంది!"

"ఒక్క బెజ్జం కూడా లేదు కదండీ?"

"లోపల్నుంచి తింటుంది. నీకేం తెలుసు?"

బావమరిదికి కబురు వెళ్ళింది. బావ చెప్పాక ఆలోచించడం అతనికి అలవాటు లేదు. ఇద్దరూ కలిసి బీరువాను లాగారు. గుమ్మం దగ్గర బీరువా కాలు ఒకటి విరిగింది. ఎండ తగలాలని పెరట్లో రాలిన ఆకుల మీద వెల్లకిలా పడుకోబెట్టారు. ఎండ లేదు సరికదా, ఆకులు తడిగా ఉన్నాయి.

ఆవిడకు అనుమానం తీరలేదు. పురుగు పక్కన కొలతకు చొక్కా గుండీ ఒకటి పెట్టి, భూతద్దం లేకుండా ఫొటో తీసి, యాప్ ఇచ్చిన జవాబు పైకి చదివింది.

"మామూలు నేల పురుగట. చెక్క ముట్టదు, చిన్నచిన్న పురుగుల్ని తింటుంది. రాళ్ళ కింద, తడి ఆకుల్లో, నేలమీద పడున్న చెక్కల కింద ఉంటుందట. ఏమండీ, బీరువా ఎక్కడ పెట్టారు?"

మాస్టారు భూతద్దం మెల్లగా జేబులో వేసుకున్నారు.

"తడి ఆకుల్లోనే అక్కా," అన్నాడు బావమరిది ఉత్సాహంగా.

ఆదరాబాదరాగా బీరువాను లోపలికి చేర్చేసరికి అత్తగారు గుమ్మంలో ఉన్నారు. కుంటి బీరువాను ఎగాదిగా చూశారు.

"ఇదేనా నీ చూసుకోవడం? ఇవాళే చిన్నదానికి పంపిస్తా!"

కూతురి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అత్తగారు సొరుగు లాగారు. పెరట్లోని నల్లపురుగులన్నీ సకుటుంబంగా ఆవిడ చేతిమీదికి పాకాయి.

"అమ్మో! దీన్ని చిన్నదాని అత్తారింటికి పంపితే నా పరువేం కావాలి? నీ దగ్గరే ఏడవనీ!"

కూతురు కొంగుతో కళ్ళు తుడుచుకుంది, నవ్వు కనబడకుండా.

మాస్టారు గొంతు సవరించుకుని, అంతా తాను అనుకున్నట్టే జరిగిందని ప్రకటించారు.