బొమ్మ పడని ఆదివారం

ఆదివారం పొద్దున లుబోవా వేసుకున్న పథకం చాలా చిన్నది. కొత్త కంప్యూటర్లో పాత గ్రాఫిక్స్ కార్డు బిగించాలి, గుడ్డు చుట్టిన చపాతీ ఒకటి తినాలి, మధ్యాహ్నం తన రేకుల హాల్లో కొట్లాట సినిమా వెయ్యాలి. కొత్త బోర్డుకు అన్నీ కొత్తరకం కన్నాలే. ముసలి ప్రొజెక్టరు వైరేమో పాత కార్డులో తప్ప దూరదు. ఇవాళ బొమ్మ పడకపోతే నాన్సానా పేట జనమంతా, ఎదురుగా బావమరిది సెగావా పెట్టిన పెద్ద టీవీ హాలుకు అలవాటు పడిపోతారు. ఇక తిరిగి రారు.

కార్డు బిగిసింది. ఫ్యాను తిరిగింది, దీపాలు వెలిగాయి, తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. లుబోవా కార్డు ఊడదీసి, దాని పళ్ళను రబ్బరుతో రుద్ది, ఊది మళ్ళీ పెట్టాడు. తన ఊపిరి చాలలేదేమోనని భార్య రోబినా చేత కూడా ఊదించాడు. చివరికి పట్నంలో బోర్డు అమ్మినవాడికి ఫోన్ చేశాడు.

"కార్డు పాతది, బోర్డు కొత్తది అన్నా. బోర్డు సెట్టింగుల్లో పాత పద్ధతి అని ఒకటుంటది. అది ఆన్ చెయ్యి, బొమ్మొస్తది."

"ఆ సెట్టింగులు ఎక్కడుంటాయి?"

"తెర మీదే."

"తెర నల్లగా ఉందిరా బాబూ!"

"అయితే ముందు బొమ్మ తెప్పించు."

లుబోవాకు ఒళ్ళు మండిపోయింది. గంటసేపు తిట్టుకున్నాక తేలిందేమిటంటే, కార్డు తీసేసి, బోర్డుకే కొత్తరకం టీవీ తగిలించి, సెట్టింగు మార్చి, తర్వాత కార్డు పెట్టుకోవాలట. ఆ పేటలో అలాంటి టీవీ ఒక్కటే ఉంది. అది సెగావాది.

"మన పెళ్ళిమాటల రోజు ఆనవాయితీగా నేనిచ్చిన కోడిపుంజు బక్కదని మీ అన్న ఇప్పటికీ ఊరంతా చెప్పుకుంటున్నాడు. నాకు టీవీ ఇస్తాడా?"

"బక్కదే మరి. మా అమ్మ పావురమనుకుంది," అంటూ రోబినా రోడ్డు దాటింది.

ఇక్కడ హాలు నిండిపోయింది. బెంచీలు దడదడలాడుతున్నాయి. పరాయి భాష సినిమాకు తెర పక్కన నిలబడి, మైకులో తమ లుగాండా భాషలో మాటలు చెబుతూ తన ఉప్పూకారం చల్లే వీజే కవూమాను లుబోవా బతిమాలాడు.

"కాసేపు ఏదో ఒకటి వాగు తమ్ముడూ, నా పరువు దక్కించు!"

కవూమా నల్లటి తెర ముందు గొంతు సవరించుకున్నాడు.

"హీరో ఇంకా నిద్ర లేవలేదు, అందుకే చీకటి! ఇదిగో, లేచాడు. పేరు ముగెర్వా. అయ్యో, వీడి మోటారుసైకిలేదీ? ఎత్తుకుపోయిందెవరు? సొంత అత్తగారు!"

హాలు గొల్లుమంది.

"వెంటపడ్డాడు! కానీ మన ఆచారంలో అత్తగారికి అల్లుడు ఎదురుపడకూడదు కదా? ఆమె వెనక్కి చూసినప్పుడల్లా మన హీరో అరటితోటలో దూరుతున్నాడు!"

పొట్టలు పట్టుకుని నవ్వారు. మైకు గోల రోడ్డు దాటి ఎదురు హాలుకు వినిపించింది. లుబోవా ఇంతవరకూ ఎవరూ చూడని సినిమా తెచ్చాడన్న మాట పాకిపోయింది. సెగావా జనం ఒక్కొక్కరే లేచి ఇటు వచ్చేశారు. ఖాళీ బెంచీల మధ్య సెగావా ఎంతసేపని కూర్చుంటాడు? టీవీ నెత్తిన పెట్టుకుని చెల్లెలి వెంట పరుగెత్తుకొచ్చాడు.

"తీసుకో బావా. నాకు ముందు బెంచీలో చోటివ్వు చాలు."

లుబోవా టీవీ తగిలించి, సెట్టింగు మార్చి, కార్డు బిగించాడు. అక్కడ కవూమా కథలో అత్తగారు మోటారుసైకిలుతో వంతెన ఎక్కింది. సరిగ్గా అప్పుడే తెర భగ్గున వెలిగింది. ఓడ మీద తుపాకీ పట్టుకుని పసుపు జుట్టువాడెవడో నిలబడ్డాడు. లుబోవాకు ఆనందంతో కళ్ళనీళ్ళు తిరిగాయి.

ముందు బెంచీలవాళ్ళు లేచి నిలబడ్డారు.

"వీడెవడు?"

"ముగెర్వా ఏడీ?"

"అత్తగారేమయింది? తీసెయ్యండి ఆ బొమ్మ!"

అందరికంటే గట్టిగా అరిచింది సెగావా. "ఆపు బావా! ఆవిడ వంతెన దాటిందో లేదో తెలియక చస్తున్నా!"

పొద్దుటినుంచీ ఏ బొమ్మ కోసం చచ్చాడో ఆ బొమ్మ వైరును, నవ్వాలో ఏడవాలో తెలియక, లుబోవా తన చేత్తోనే పీకేశాడు. తెర నల్లబడగానే ఈలలు మోగాయి.

మర్నాడు పొద్దున్నే పట్నానికి మళ్ళీ ఫోన్ చేసి, ఆ పాత పద్ధతి సెట్టింగును తిరిగి ఎలా చెడగొట్టాలో అడిగాడు.