ఎడమవైపుది తీసేయండి

పళ్ళ డాక్టరుగారు ఏనాడో కొన్న రంగుల బొమ్మను ఆ రోజు మధ్యాహ్నం అమ్మేయాలనుకున్నారు. ధర పెరుగుతుందని దుప్పట్లో చుట్టి మంచం కింద దాచారే తప్ప, దాన్ని ఒక్కసారైనా తీరిగ్గా చూసింది లేదు. కొనేవాళ్ళకు బాగా కనబడాలని ఆయన భార్య పొద్దున్నే దాన్ని క్లినిక్కులో, రోగులు కూర్చునే గదిలో, ఎడమవైపు గోడకు తగిలించింది.

"ఎవరైనా చెయ్యి వేస్తేనో?" అన్నారాయన.

"చూడనివ్వండి. చూస్తే అరిగిపోదు," అందావిడ.

బొమ్మలో ఒక లావుపాటాయన గడ్డం గీయించుకుంటూ నిద్రపోయాడు. గీసేవాడూ కత్తి పట్టుకుని, నిలబడే కునుకు తీస్తున్నాడు. పంటినొప్పితో వచ్చినవాళ్ళు బుగ్గలు పట్టుకునే నవ్వుతున్నారు.

కొనాల్సిన బొమ్మల వ్యాపారి మధ్యాహ్నం దాకా ఆగలేక ముందే వచ్చి, ఎవరికీ చెప్పకుండా ఓ మూల కూర్చున్నాడు. పది లక్షలకు మించకూడదని ఆయన లెక్క.

అంతలో డాక్టరుగారి భార్య, "పది ఎవరండీ?" అంది.

"నేను పదకొండు!" అందొక పెద్దావిడ చెయ్యెత్తి.

"నాది పన్నెండు!" అన్నాడు వెనకనుంచి ఒకాయన.

అవి టోకెన్ నంబర్లని వ్యాపారికి తెలియదు. బొమ్మకు లక్షల్లో వేలంపాట మొదలైందనుకున్నాడు. చెమటలు కక్కుతూ, చెంపకు చెయ్యానించి, "ఇరవై!" అని అరిచాడు.

"అయ్యో పాపం! ముందు ఈయన్నే వెళ్ళనివ్వండి," అంది పెద్దావిడ. అందరూ పక్కకు జరిగారు. పాట తనదేననుకుని వ్యాపారి దర్జాగా లోపలికి నడిచాడు.

ఫోనులో మాట్లాడుకోవడమే తప్ప డాక్టరుగారూ ఆయనా ఒకరినొకరు చూసుకోలేదు. కుర్చీలో కూర్చుని మాట్లాడదామని వ్యాపారి నోరు తెరిచాడు. డాక్టరుగారు అందులో అద్దం పెట్టి చూశారు.

"ఎడమవైపుది తీసేద్దామా?"

"వెంటనే తీసేయండి. జాగ్రత్త, గీత పడకూడదు."

"మీరు కదలకపోతే చాలు," అంటూ సూది పొడిచారు.

సంగతి తెలిసేసరికి వ్యాపారి నాలుక మొద్దుబారిపోయింది. బొమ్మ అనబోయి, "బొబ్బ! బొబ్బ!" అని మొత్తుకున్నాడు.

"బొబ్బ కాదండీ, పుచ్చు," అని డాక్టరుగారు పన్ను పీకేశారు.

వ్యాపారి గుమ్మం అవతలి గోడ వైపు వేలు చూపిస్తూ ఏడ్చినంత పని చేశాక గానీ, వచ్చినదెవరో ఆయనకు అర్థం కాలేదు.

రక్తం ఆగేదాకా వ్యాపారి దూది కరుచుకుని బొమ్మ ఎదురుగా కూర్చోక తప్పలేదు. చేసేదేమీ లేక, ధర మరిచి దాన్ని చూశాడు. మెల్లగా భుజాలు కదిలాయి. కాసేపటికి దూది ఊడిపడేలా నవ్వాడు. క్షమాపణ చెప్పుకోవడానికి వచ్చిన డాక్టరుగారు, ఈయనకింత నవ్వెందుకా అని తలెత్తారు. బొమ్మలో గడ్డం గీసేవాడి ముక్కు మీద ఈగ కూడా నిద్రపోతోంది. ఆయనా పక్కనే కూలబడి పగలబడి నవ్వారు.

"నేను కొంటే లాకర్లో పడేస్తాను," అన్నాడు వ్యాపారి, నోరు తిరిగాక. "ఇక్కడే ఉండనివ్వండి."

"అమ్మనని ఎలా చెప్పాలా అని నేనే చూస్తున్నానండీ!" అన్నారు డాక్టరుగారు.

వ్యాపారి ఇప్పుడు పంటినొప్పి వంకతో నెలనెలా వస్తున్నాడు. ఆయన నోట్లో పళ్ళు ఇంకా చాలానే ఉన్నాయి.