కరస్పాండెంటు గారి ఉన్ని జెముడు

ఆ ఆదివారం నయోమి వేసుకున్న లెక్క సాదాగానే ఉంది. ఆరాధనకు వెళ్ళి రావాలి, ఇంత తిని భూతద్దం, జెముళ్ళ పుస్తకం పట్టుకుని పెరట్లో కూర్చోవాలి, కాలేజీ నుంచి తెచ్చిన జెముడు మొక్క ఏ జాతిదో తేల్చాలి. మర్నాడే విశాఖ నుంచి ఒక రిటైర్డ్ ప్రొఫెసరు దాన్ని చూడడానికి వస్తున్నారు.

మొక్క టెక్కలిలోని ఆ ప్రైవేటు కాలేజీ కరస్పాండెంటు పాపారావుగారిది. మూరెడు పొడవు, ఒళ్ళంతా తెల్లటి ఉన్ని, ఉన్ని కింద ముళ్ళు. దూరం నుంచి చూస్తే తల నెరిసిన ముసలాయనెవరో కుండీలో పీకలదాకా దిగబడ్డట్టుండేది. మెక్సికోలో ఉన్న బంధువు పంపాడని ఆయన ఊరంతా చెప్పుకున్నారు. పేరు మాత్రం తెలియదు. టెక్కలిలో అప్పటికి ఇంటర్నెట్టు షాపు ఒకటే. బొమ్మ సగం తెరుచుకునేసరికి కరెంటు పోయేది. అందుకని బోటనీ చెప్పే నయోమికి అప్పగించారు. ఆమెది ఏడాదికేడాది పొడిగించే ఉద్యోగం. ప్రొఫెసరు ముందు కాలేజీ పరువు పోతే వచ్చే ఏడాదికి వేరే మేడంని చూసుకుంటామని ఆయన నవ్వుతూనే అన్నారు.

నందిగాం నుంచి వచ్చిన అత్తగారు రత్నాలమ్మ మోకాళ్ళ నొప్పులని ఇంట్లోనే ఉండిపోయింది. నయోమి, ఆమె భర్త డేనియల్ ఆరాధన నుంచి వచ్చేసరికి ఆవిడ పెరట్లో చేతులు తుడుచుకుంటోంది. కుండీలో పచ్చగా, బోడిగా, గుండు కొట్టించుకుని తలంటు పోసుకున్నట్టు ఏదో నిలబడి ఉంది.

"ఏటత్తా ఇది?" అంది నయోమి.

"పిండినల్లి. మొక్కంతా పట్టీసింది. సదువుకున్నోలు, సూత్తే తెల్దేటి మీకు? మా జీడితోటలో ఇలాగే వొగ్గీత్తే సగం తోట పోనాది. కత్తెరతో కోసీసి, సబ్బునీల్లెట్టి పాత పల్ల బ్రస్సుతో తోమినాను. సెయ్యంతా సిల్లులు పడిపోనాది గానీ, మొక్క బతికింది."

"కోసింది ఎక్కడుంది?"

"పొయ్యిలో ఎట్టీసినాను. వొగ్గీత్తే కొబ్బరిసెట్టుకి ఎక్కదేటి?"

రక్తం కారుతున్న ఆ చేతులు చూసి నయోమి ఆవిడను అరుగు మీద కూర్చోబెట్టింది. కడిగి, పసుపు రాసి, వంటింట్లోకి వెళ్ళి గోడకు ఆనుకుంది. ప్రొఫెసరు మొదట చూసేది ఉన్నినే. ఉన్ని లేకపోతే కుండీ ఉన్నట్టే, మొక్క లేనట్టే, ఉద్యోగం లేనట్టే.

డేనియల్ మోటార్లు చుట్టే మెకానిక్కు. ఏది పాడైనా బాగవుతుందని అతని నమ్మకం. తల్లి తలగడ విప్పి బూరుగు దూది తీశాడు. మైదా జిగురు కాశాడు. సినిమా పోస్టర్లు దీంతోనే అంటిస్తారని, వాన కూడా పీకలేదని భార్యకు ధైర్యం చెప్పాడు. దీపాలు పెట్టేవేళకు ముసలాయన మళ్ళీ నెరిశాడు, మునుపటికంటే కాస్త ఒత్తుగా.

సోమవారం కాలేజీ హాలు పిల్లలతో నిండిపోయింది. ప్రొఫెసరు మొక్క చుట్టూ తిరిగి, ఈ ఉన్ని ఎక్కడి నుంచి పుడుతుందో చెప్పమని నయోమిని అడిగారు. ముల్లు మొదట్లోంచండీ, అంది. జవాబు సరైనదే. అప్పుడే ఆమెకు కనపడింది: బల్ల కోడు వెంట ఎర్రచీమల బారు ఒకటి తీరిగ్గా పైకి పోతోంది. మైదా సంగతి వాటికి తెలిసిపోయింది. చీర కుచ్చెళ్ళు అడ్డం పెట్టబోయింది గాని, ప్రొఫెసరు కళ్ళజోడు అప్పటికే చీమల వెంట నడుస్తోంది. ఆయన చిమటాతో పట్టి లాగారు. దూది పొరలు పొరలుగా, అట్టు ఊడినట్టు ఊడి వచ్చింది.

"బూరుగు దూది. మైదా పెట్టి అంటించారు," అన్నారాయన.

నిజం చెప్పేద్దామని నయోమి నోరు తెరిచింది. పక్కన పాపారావుగారి మొహంలో నెత్తురు లేదు. "బీచిరోడ్డులో మొక్కలమ్మిన బండోడు ఎంత పని సేసినాడు," అని గొణిగారు. మెక్సికో బంధువు ఆ ఒక్క మాటతో చచ్చిపోయాడు. మరుక్షణం ఆయన గొంతు సవరించుకుని, ఇది పిల్లలకు పెట్టిన పరీక్షేనని, నయోమి మేడం ఎప్పుడో కనిపెట్టేశారని పెద్దగా చెప్పారు.

ప్రొఫెసరు ఆమె వైపు తిరిగారు. "ఎప్పుడు తెలిసిందమ్మా మీకు?"

"నిన్న ఆరాధన నుంచి వచ్చినప్పుడే తెలిసిందండీ."

ఆయన మెచ్చుకోలుగా తల ఊపి, బోడి మొక్క ఒంటిమీది నిలువు చాళ్ళు, ముళ్ళు లెక్కపెట్టి, ప్రతి నర్సరీలో దొరికే మామూలు జెముడని తేల్చేశారు. ఇంత చూపున్న మనిషిని వదులుకోవద్దన్నారు. బండోడి మాట విన్న నయోమి నోరు మూయించే దారి వేరే కనపడక పాపారావుగారు అక్కడికక్కడే ఆమెను పర్మినెంటు చేశారు.

వానలు పడ్డాక, ల్యాబు మూల కుండీలో మొక్క కొనమీద తెల్లటి నూగు కనిపించింది. నయోమి గడియ పెట్టి భూతద్దం తీసింది. ఒక్కో ముల్లు మొదట్లోంచి వెండి వెంట్రుకలు. పుస్తకంలో బొమ్మ పక్కన పెట్టి చాళ్ళు, ముళ్ళు, ఉన్ని ఒక్కొక్కటే సరిచూసింది. మెక్సికో కొండల్లో పుట్టే ముసలితాత జెముడే అది. బండివాడు ఎవరినీ మోసం చేయలేదు. ఆ పేరు పైకి చెప్పడమంటే పోయిన ఉన్ని సంగతీ చెప్పడమే. ఆమె కాసేపు దాని మొహం చూసి, కత్తెర అందుకుంది.

ఇప్పుడు శనివారం వస్తే ల్యాబు తలుపు మూసి ఉంటుంది. లోపల పరిశోధన జరుగుతోందని పాపారావుగారు అందరికీ చెబుతుంటారు.