మధ్యలో ఆరడుగులు

ఆ శనివారం ఉదయం గురుస్వామి వేసుకున్న పథకం చాలా చిన్నది. అన్న రామనారాయణ వేరుశనగ విత్తనాల కోసం తెల్లవారుజాము బస్సుకే ఆత్మకూరు వెళ్ళాడు. అతను సాయంత్రం తిరిగొచ్చేలోగా, ఉదయగిరిలోని ఆ ఉమ్మడి ఇంటి పెరట్లో సున్నంతో గీతలు గీయాలి, రెండు గుంజలు పాతి అడ్డంగా ఏదో ఒకటి కట్టాలి, భార్య రామసుబ్బమ్మను అవతల నిలబెట్టి గంటసేపు రింగు ఆట ఆడాలి, తర్వాత అన్నీ చెరిపేయాలి. ఇందులో తేడా రావడానికి ఏముందని అతను అనుకున్నాడు. పాపం, తాలూకా ఆఫీసులో గుమాస్తా. పథకాలు పైవాళ్ళు వేస్తే అమలు చేసి అలవాటు గానీ సొంతంగా వేసి అలవాటు లేదు.

రింగు ఆట ఎరగని వాళ్ళకు ఒక ముక్క చెప్పాలి. రబ్బరు రింగును వల మీదుగా అవతలికి విసరాలి. అవతలివాడు అది కింద పడకుండా ఒంటిచేత్తో పట్టుకుని తిరిగి విసరాలి. వలకు ఇటు మూడడుగులు, అటు మూడడుగులు ఎవరికీ చెందని చోటు. అందులో ఎవరు కాలు పెట్టినా పాయింటు పోతుంది. రింగు అందులో పడితే విసిరినవాడిదే తప్పు. పోయినేడు ఆత్మకూరులో జరిగిన ఉద్యోగుల పోటీల్లో, ఆఖరి పాయింటు దగ్గర, ఆత్మకూరు పోలేరయ్య విసిరిన రింగు సరిగ్గా ఆ మధ్య చోట్లో పడబోయింది. ఊరికే నిలబడి ఉంటే గురుస్వామి గెలిచేవాడు. కానీ వచ్చేదాన్ని వదిలే స్వభావం కాదు కదా, ఎగిరి దూకి పట్టుకున్నాడు. చాలా చక్కగా పట్టుకున్నాడు కూడా. కాళ్ళు రెండూ గీత లోపల ఉన్నాయి.

అప్పటినుంచి ఆఫీసులో అతని పేరు గీతదాటు గురుస్వామి. తెల్లవారితే ఆదివారం, మళ్ళీ ఆత్మకూరులోనే పోటీ, మళ్ళీ ఆ పోలేరయ్యతోనే. ఈసారీ దాటితే రిటైరయ్యేదాకా ఆ పేరు వదలదు. పోనీ ఇంట్లో దర్జాగా సాధన చేద్దామా అంటే, అన్నకు ఆటలంటే మంట. "ఇద్దరు బిడ్డల తండ్రివి, నీకు రింగులేందిరా" అని ఒకసారి ఊరంతా వినేలా తిట్టాడు.

గీతలు గీసి, గుంజలు పాతి, వల బదులు రామసుబ్బమ్మ పాతచీర కట్టేసరికే ఆఫీసు వేళయింది. ఆట మధ్యాహ్నానికి వాయిదా వేసి గురుస్వామి గొంతు తగ్గించి భార్యకు చెప్పాడు. "ఈ మధ్యలో ఆరడుగులు ఎవరిదీ కాదు. ఎవరూ కాలు పెట్టకూడదు. అన్న వచ్చేలోపల పని అయిపోవాల. వదినకు ఒక్క ముక్క చెప్పినావంటే చూడు, నా మీద ఒట్టే!"

గొంతు ఎంత తగ్గించినా వంటింటి కిటికీ దగ్గరగా ఉంది. కిటికీ వెనక వదిన కామమ్మ ఉంది.

ఆ ప్రాంతంలో పెరట్లో గుంజలు, సున్నపు గీతలు కనబడ్డాయంటే దానికి ఒకటే అర్థం. అన్నదమ్ములు వేరు పడుతున్నారు. కామమ్మ బయటికొచ్చి చూసింది. బావి అటుపక్క, మునగచెట్టు ఇటుపక్క, రోలు మధ్యలో. నిలువునా నీరైపోయింది.

"ఏమ్మే, ఏంది ఇదంతా?"

"నన్నడగొద్దక్కా. చెప్పొద్దని ఒట్టు పెట్టినాడు" అంది రామసుబ్బమ్మ.

"నీ పెళ్ళికి నేను పెట్టిన చీరే దొరికిందా అడ్డం కట్టేదానికి?"

"పాతది గదా అనీ..."

"అవున్లే. మేమూ పాతబడినాం."

ఆ మాట అని కామమ్మ లోపలికెళ్ళి ఏడ్చింది. తొమ్మిదేళ్ళు ఒకే పొయ్యి మీద వండిన మనిషి, నిజంగానే ఏడ్చింది. ఎదురింటి బడే సాహెబ్ రోజూలాగే తన బస్సు రేడియేటరుకు నీళ్ళకని డబ్బా పట్టుకుని వచ్చాడు.

"నన్నడగొద్దు సాయిబన్నా. బావి ఇప్పుడు వాళ్ళది" అంది కామమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

బడే సాహెబ్ మంచివాడు. కడుపులో మాట దాచుకుంటే మాత్రం ఆయనకు స్టీరింగు తిరగదు. ఉదయం ట్రిప్పులో సీతారామపురం వెళ్ళి, ఆ ఇంటి పెద్దాడపడుచు మస్తానమ్మకు చెప్పాడు. తిరుగు ట్రిప్పులో ఆమెనే తీసుకొచ్చి దింపి, మిగిలిన వార్త ఆత్మకూరులో రామనారాయణకు చేరవేయడానికి వెళ్ళిపోయాడు.

మస్తానమ్మ సంచీ చంకన పెట్టుకుని పెరడంతా ఒకసారి కలియజూసింది.

"బావి చిన్నోడిది, మునగచెట్టు పెద్దోడిది. మరి ఈ మధ్యది ఎవరిదే?"

రామసుబ్బమ్మకు అబద్ధమాడటం రాదు. "ఎవరిదీ కాదంట వదినా."

"అట్లనా? అయితే నాది. నేనూ ఈ ఇంట్లోనే పుట్టినా" అని మస్తానమ్మ వెళ్ళి రోలు పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుని, విసనకర్ర తీసింది.

మధ్యాహ్నం గురుస్వామి సంచిలో రింగు పెట్టుకుని హుషారుగా వచ్చేసరికి పెరటి నిండా ఇరుగుపొరుగు. మధ్యలో అక్క. సంగతేమిటని అడిగేలోపే వాకిట్లో బస్సాగింది. రామనారాయణ దిగాడు. చేతిలో విత్తనాల గోతం ఉంది గానీ అందులో విత్తనాలు లేవు, స్టాంపు కాగితం ఉంది.

"గీత గీసింది నువ్వేనా?"

ఆట సంగతి బయటపడిందనుకున్నాడు గురుస్వామి. "నేనే అన్నా. తప్పయిపోయింది. నీకు చెప్తే ఒప్పుకోవనీ..."

"ఎన్నాళ్ళనుంచి ఉండాది ఈ ఆలోచన?"

"పోయినేటి నుంచన్నా. ఆఫీసులో అందరూ నవ్వుతుంటే తట్టుకోలేకపోయినా."

"నాతో కలిసుంటే నిన్ను చూసి నవ్వుతుండారా!" పెద్ద అరుపులు అరిచే రామనారాయణ కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "సరే. చిన్నోడివి, బావి నువ్వే ఉంచుకో. కాగితం తెచ్చినా, రాసుకుందాం."

"బావెందుకన్నా నాకు? సాయంత్రం దాకా చాలు. మళ్ళ నేనే చెరిపేస్తా."

"ఒక్క పూటకు వేరు పడతావా?"

"వేరా? ఎవరు వేరు పడేది?" గురుస్వామి తెల్లబోయి సంచిలోంచి రింగు తీసి చూపించాడు. "రేపు ఆత్మకూరులో ఆట ఉండాదన్నా. గీత తొక్కకుండా నేర్చుకుందామనీ..."

రామనారాయణ రింగు వంక చూశాడు, కాగితం వంక చూశాడు, బావిగట్టు మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు. తిట్టాలని గుర్తొచ్చింది గానీ, ప్రాణం అంతగా కుదుటపడ్డాక తిట్లు ఎక్కడినుంచి వస్తాయి? కామమ్మ గబగబా వెళ్ళి గుంజల మధ్య జారిపోతున్న చీరను మరింత బిగించి కట్టింది.

అందరూ కదిలారు, మస్తానమ్మ తప్ప. "ఆటో గీటో నాకు తెల్దు. ఎవరిదీ కాదంటే కూచున్నా. లేచేది లేదు."

దాంతో సాధన ఆమె ఉండగానే సాగింది. అవతల రామనారాయణే నిలబడ్డాడు. జన్మలో రింగు ముట్టని చెయ్యి, విసిరిందల్లా మధ్యలోనే పడేది. గురుస్వామి కాలు లేచేది. "ఒరే! నా జాగా!" అని మస్తానమ్మ విసనకర్రతో పిక్క మీద ఒక్కటిచ్చేది. పొద్దుగూకేసరికి పిక్కలు ఎర్రబడ్డాయి, కాలు మాత్రం గీత దగ్గర దానంతట అదే ఆగడం నేర్చుకుంది.

ఆదివారం ఇంటిల్లిపాదీ బడే సాహెబ్ బస్సులో ఆత్మకూరు చేరారు. ఆట హోరాహోరీగా సాగి ఆఖరి పాయింటుకు వచ్చింది. పోలేరయ్య విసిరిన రింగు వల దాటీ దాటగానే బరువుగా కిందికి దిగింది. "గీతదాటు!" అని ఎవరో అరిచారు. గురుస్వామి కాలు లేచింది. జనంలో మస్తానమ్మ విసనకర్ర పైకెత్తింది. కాలు గాల్లోనే ఆగి వెనక్కి దిగింది. రింగు మధ్యలో నేలమీద పడింది. విజిల్ మోగింది. గురుస్వామి ఏమీ చేయకుండా గెలిచాడు. జీవితంలో అంత కష్టపడి అతను ఏ పనీ చేయలేదు. అన్న తమ్ముణ్ణి భుజాన ఎత్తుకుని మైదానమంతా తిరిగాడు.

బహుమతి నాలుగు గిన్నెల స్టీలు కేరియరు. తిరుగు బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని మురిసిపోతున్న తమ్ముణ్ణి మస్తానమ్మ నెమ్మదిగా అడిగింది.

"రింగు యాడ పడిందిరా?"

"మధ్యలో అక్కా."

"ఆ మధ్యది ఎవరిది?"

గురుస్వామి అన్న వైపు చూశాడు. అన్న కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. మర్నాడు ఉదయం ట్రిప్పులో కేరియరు మస్తానమ్మతో పాటు సీతారామపురం వెళ్ళిపోయింది.

ఆ ఇంట్లో ఇప్పటిదాకా జరిగిన పంపకం అదొక్కటే.