కొట్టినది: చెన్నకేశవ, ప్రొద్దుటూరు

ఆ బుధవారం పొద్దున చెన్నకేశవ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పదిన్నరకల్లా టైపు అంగడి మూసేయాలి. పదకొండు గంటల పులివెందుల బస్సెక్కి భార్యతో వేంపల్లెలో దిగాలి. ఆమె అక్క మనవరాలిని తొట్లో వేసే పండగలో కడుపునిండా తిని, పొద్దు గూకేలోపల ఇంటికి వచ్చి పడుకోవాలి. ఇందులో ఎవరి జోలికీ పోయే పని లేదు. చెన్నకేశవ ప్రణాళికలన్నీ అట్లాగే ఉంటాయి.

పదిహేనేండ్ల కిందట పెద్దముడియం పక్క వాళ్ల పల్లెలో, ఒక సాయంత్రం వీధి నడుమ బాంబు పేలింది. అది ఎవరు ఎవరి మీద వేసిందో చెన్నకేశవకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. మరునాడే టైపు మిషను నెత్తిన పెట్టుకుని ప్రొద్దుటూరికి వచ్చేశాడు. ఆనాటి నుంచి జమ్మలమడుగు బస్టాండు దాటి అవతల అడుగు పెట్టలేదు. ఏ పక్కకూ చెందకుండా బతకడమే ఆయన కోరిక. పైకి చెప్పుకోలేదుగానీ, ఇంటి దేవుడికి అదే మొక్కు.

అందుకోసం అంగడిలో ఒక ఏర్పాటు ఉంది. గోడకు ఒక క్యాలెండరు వేలాడుతుంటుంది. ముందు పక్క ఒక పార్టీ నాయకుడు నవ్వుతుంటాడు, వెనక పక్క రెండో పార్టీ నాయకుడు నవ్వుతుంటాడు. రెండు క్యాలెండర్లను బంక పెట్టి అంటించింది చెన్నకేశవే. వచ్చినవాడి భుజం మీద తువ్వాలు రంగు చూసి, కుర్చీ జరుపుతున్నట్టు జరుపుతూ క్యాలెండరు తిప్పేస్తాడు.

ఆ రోజు తొమ్మిదింటికి గడపలో తువ్వాలు కనబడింది. చెన్నకేశవ కుర్చీ జరిపాడు. వచ్చినవాడు కూర్చోలేదు. జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు.

"నా పేరు నబీ రసూల్. తంగేడుదిన్నె, కిందగేరి వీధి. వెంకటేశన్న మనిషిని. ఇది కొట్టింది నువ్వేనా?"

కాగితం చూడగానే చెన్నకేశవ ముఖం వికసించింది. సోమవారం తాను టైపు కొట్టి సైక్లోస్టయిలు మీద ప్రతులు తీసిచ్చిన కాగితం అది.

"నేనేన్నా."

"ఒక్కనివేనా?"

"ఒక్కన్నే. ఇంకొకరు చెయ్యి పెడితే నాకు నచ్చదు."

నబీ రసూల్ గడప వైపు ఒక అడుగు వెనక్కి వేశాడు. "దినానికి ఎంతమందివి కొడ్తావు?"

"పండగలప్పుడు తక్కువన్నా. ఎలక్షన్లు వచ్చినాయంటే తెల్లార్లూ కొట్టాల్సిందే. పోయినసారి చేతులు వాచిపాయ."

"ఏ పార్టీవి?"

"ఎవురు ముందొస్తే వాళ్లవి. నాకు పార్టీ ల్యా."

"మరి... తప్పు పోతే?"

"తప్పు పోతే ఏముందన్నా, మందు పూసి, ఆరినాక మళ్ల అదే చోట కొడ్తా. తెలీను గూడా తెలీదు."

నబీ రసూల్ గోడ పట్టుకున్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఒక్క మాట చెప్పు సామీ. ఆ ముగ్గుర్నీ మా మీదికి పిలిపించింది పైగేరి ఓబులేసేనా?" అన్నాడు.

"ఎవురూ పిలిపీలా. ఆ మేడం నేరుగా వచ్చె. కొట్టిచ్చేంతవరకే నా పని. ఆ మీద వాళ్లు చూసుకుంటారు."

నబీ రసూల్ రెండు చేతులూ జోడించి, వీపు తిప్పకుండా గడప దాటి, వీధిలో పడి పరుగెత్తాడు. తన పనితనానికి ఇంత మర్యాద జరగడం చెన్నకేశవకు ఇదే మొదలు.

పావుగంట కాలేదు, రెండో రంగు తువ్వాలు వచ్చింది. క్యాలెండరు తిరిగింది. ఈ తువ్వాలు కింద పెద్ద మీసాలున్నాయి. అవి వణుకుతున్నాయి.

"ఓబులేసు మామ పంపించినాడు. దాపరికం వద్దప్పా. ఆ ముగ్గుర్నీ వెంకటేశు పిలిపించినాడా?"

"వాళ్లను ఎవురైనా ఎందుకు పిలిపిస్తారన్నా?"

"ఏందప్పా ఏమీ తెలీనట్ల! నువ్వు కొట్టిన హిస్టరీ షీటులో ఉండే ముగ్గురు. పంచాయతీ ఆఫీసు గోడకు అంటించినారు గదా. ఊరు ఊరంతా తలుపులేసుకున్యారు. మావోళ్లు పైగేరిలో, వాళ్లోళ్లు కిందగేరిలో కట్టెలూ కొడవండ్లూ తీసుకోని కాచుకోనుండారు. మధ్యాహ్నం ఆ ముగ్గురూ ఊర్లో అడుగు పెడితే మళ్ల తిరిగి పోరు. నీకు వాళ్లు కావల్సినోళ్లయితే ఇప్పుడే చెప్పి ఆపు."

మీసాలాయన పోయాక చెన్నకేశవ, నబీ రసూల్ వదిలిపోయిన కాగితం తీసి, తాను కొట్టినదాన్ని మొదటిసారి చదివే మనిషిలాగా చదివాడు.

సోమవారం వచ్చిన మేడం పేరు మైమూన్. హైదరాబాదులో పాత కట్టడాలూ పాత సమాధులూ చూసి సలహాలిచ్చే సంస్థ ఆమెది. తంగేడుదిన్నె పొలాల్లో కాలువ తవ్వబోతున్నారు. తవ్వే ముందు, మట్టి కింద పూర్వకాలపు వస్తువులేమైనా ఉన్నాయేమో ఆమె మనుషులు చూడాలి. "ముక్కూమొహం తెలియనివాళ్లు పొలాల్లో తిరిగితే ఊరివాళ్లు భయపడతారు. మేమెవరం, ఏం చదివాం, ఎక్కడెక్కడ పని చేశాం, అంతా సాదా తెలుగులో కొట్టివ్వండి" అని ఇంగ్లీషు కాగితాలు ఇచ్చిపోయింది. పుట్టి పెరిగింది కర్ణాటకలోని గుల్బర్గాలో కాబట్టి తెలుగు మాట్లాడుతుందిగానీ చదవడం రాదు.

ఇంగ్లీషులో నాలుగు పేజీలున్నదాన్ని చెన్నకేశవ ఒక్క పేజీకి కుదించాడు. 'రాతియుగం', 'చరిత్రకు పూర్వం' లాంటి కష్టమైన మాటలు పల్లెటూరివాళ్లకెందుకని తీసేశాడు. ఫీల్డ్ అంటే పొలం, అందులో అనుమానమే లేదు. మిగిలింది ఇది:

"మీ ఊరికి వచ్చే సలహా సంస్థవారి వృత్తి చరిత్ర. సిద్దయ్య: గొడ్డళ్ల పనిలో నిపుణుడు. పొలాల్లో ఇరవైరెండేండ్ల అనుభవం. మూడు జిల్లాల్లో పేరున్న మనిషి. మైమూన్: పూడ్చిపెట్టే పద్ధతులు తెలిసిన మనిషి. ఇంతవరకు అరవైమంది లెక్క తేల్చింది. కరీముల్లా: బూడిద దిబ్బల నిపుణుడు. పదకొండు ఊర్లలో పని పూర్తి చేసినాడు. వీరు బుధవారం మధ్యాహ్నం వస్తారు. ఊరివారు సహకరించవలెను. కొట్టినది: చెన్నకేశవ, ప్రొద్దుటూరు."

చివరి పంక్తి మేడం అడగలేదు. టైపు చేసినవాళ్లు కాగితం అడుగున పేరు పెట్టుకోవడం ఈ వృత్తిలో ఆనవాయితీ. చెన్నకేశవ దాన్ని పెద్దక్షరాల్లో పెట్టుకున్నాడు.

సంజీవమ్మ పట్టుచీర కట్టుకుని, కనకాంబరాలు పెట్టుకుని, బస్సు టైమయిందని చెప్పడానికి వచ్చేసరికి మొగుడు మిషను బల్ల కింద ఉన్నాడు.

"ఏం పోగొట్టుకుంటివి?"

"ప్రాణం," అన్నాడు చెన్నకేశవ బల్ల కింద నుంచి.

ఆమె కాగితం తీసుకుని నిలబడి చదివింది. "ఇది చదువుతాంటే నాకే మన ఇంటి తలుపు గడి పెట్టుకోవాలనిపిస్తాంది. ఏందయ్యా ఇది, మనుషుల్ని చంపేటోళ్లకు సంబంధాలు చూస్తాండావా?"

"చదువుకున్నోళ్లే వాళ్లు! నేనే కొంచెం కురచ చేసినా."

"శానా బాగా చేసినావు. ఇప్పుడు వాళ్లను ఊరోళ్లు కురచ చేస్తారు."

వీధి చివర టెలిఫోను బూత్ నుంచి, మేడంవాళ్లు దిగిన జమ్మలమడుగు బంగళాకు ఫోను చేశారు. ముగ్గురూ పది నిమిషాల కిందటే జీపులో తంగేడుదిన్నెకు పోయారని వాచ్‌మన్ చెప్పాడు. పోలీసులకు చెబుదామన్నాడు చెన్నకేశవ. అంతలోనే, ఎస్సై ముందు అడిగేది కొట్టింది ఎవరనే అని గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

"పా," అంది సంజీవమ్మ.

"యాడికి?"

"తంగేడుదిన్నెకు. నీ అచ్చరాలకు ముగ్గురి తలకాయలు పోతే నేను వేంపల్లెలో కూర్చోని పాయసం తాగల్నా?"

చెన్నకేశవ అంగడి మూసి ఆమె వెనకే నడిచాడు. జమ్మలమడుగు బస్టాండులో దిగి, అవతలి రోడ్డుకు పోయే ఆటో ఎక్కేటప్పుడు, పదిహేనేండ్ల నుంచి దాటని గీత దాటుతున్నట్టు కళ్లు మూసుకున్నాడు. దారి పొడుగునా ప్రతి కంపచెట్టు వెనకా ఎవరో ఉన్నట్టే అనిపించింది. నిజానికి మేకలున్నాయి. మేకలు కూడా ఆయన్ను ఒక రకంగా చూశాయి.

తంగేడుదిన్నె మలుపులో ఆటో ఆగింది. ఆపైకి రానన్నాడు డ్రైవరు. ఎండలో వీధి తెల్లగా, శుభ్రంగా, మనిషన్నవాడు లేకుండా ఉంది. ఒక వాకిట్లో రోలు, రోట్లో సగం రుబ్బిన పచ్చడి. రుబ్బుతున్న చెయ్యి మాత్రం లేదు. తలుపు సందుల్లో కళ్లున్నాయి.

పంచాయతీ ఆఫీసు అరుగు మీద ముగ్గురు కూర్చుని టిఫిను డబ్బాలు విప్పుకుంటున్నారు. మైమూన్ మేడం బక్కపలచగా, కళ్లద్దాలకు దారం కట్టుకుని ఉంది. మూడు జిల్లాల్లో పేరున్న సిద్దయ్య బట్టతల మీద తడిగుడ్డ వేసుకుని, గొడుగు కింద మజ్జిగన్నం కలుపుకుంటున్నాడు. పదకొండు ఊర్లలో పని పూర్తి చేసిన కరీముల్లా దుమ్ము పడక ఆగకుండా తుమ్ముతున్నాడు.

"చెన్నకేశవగారూ, మీరేంది ఈడ!" అంది మైమూన్ సంతోషంగా. "శానా నెమ్మదైన ఊరండీ. ఒక్కరూ అడ్డం రాలేదు."

చెన్నకేశవ భార్యతో పాటు అరుగెక్కాడు. గోడ మీది కాగితం పీకేందుకు చెయ్యి ఎత్తాడు. సరిగ్గా అప్పుడే పైగేరి నుంచి ఒక గుంపూ, కిందగేరి నుంచి ఒక గుంపూ వీధిలోకి వచ్చాయి. కట్టెలున్నాయి. కొడవళ్లున్నాయి. పైగుంపు ముందు ఓబులేసు, కిందగుంపు ముందు వెంకటేశు. నడుమ అరుగు. అరుగు మీద చెయ్యి ఎత్తిన చెన్నకేశవ.

"అన్నా, అడుగో!" అని అరిచాడు నబీ రసూల్. "కొట్టేటాయప్ప!"

రెండు గుంపులూ ఉన్నచోటనే నిలబడిపోయాయి. చెన్నకేశవ ఎత్తిన చెయ్యి దించడం మరిచిపోయాడు. దాన్ని ఏదో సైగ అనుకుని కిందగుంపులో వెనకవరస కూర్చుండిపోయింది.

వెంకటేశు పది అడుగుల దూరం నుంచే మాట కలిపాడు, అదీ చెన్నకేశవతో కాదు. "ఏం ఓబులేసూ, నువ్వు పిలిపించినావా?"

పదేండ్ల తర్వాత వాళ్లిద్దరూ ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోవడం ఇదే మొదలు.

"నా బిడ్డల మీద ఒట్టు, నేను పిలిపీలా. నువ్వు గాదా వెంకటేశూ?"

"నేను గాదప్పా!"

ఇద్దరూ అరుగు వైపు తిరిగారు. వెంకటేశు గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, మీరు ఏ పార్టీ?"

"మేమా? సర్వే పార్టీ," అంది మైమూన్.

"మూడో పార్టీనంట!" అని గుంపుల్లో గుసగుస పాకింది. అందరి కళ్లూ తన మీదే ఉండటం చూసి సిద్దయ్యకు ఉత్సాహం వచ్చింది. ఇరవైరెండేండ్ల ఉద్యోగంలో ఏ ఊర్లోనూ ఇంతమంది ఆయన పని చూడటానికి రాలేదు. ఎంగిలి చెయ్యి కడుక్కుని, "గొడ్డలి చూపించమంటారా?" అని సంచిలో చెయ్యి పెట్టాడు.

రెండు గుంపులూ ఒకేసారి వెనక్కి జరిగాయి. చెన్నకేశవ భార్య వెనక దాక్కున్నాడు.

సంచిలోంచి వచ్చింది ఒక రాయి. అరచేతిలో పట్టేంత, ఒక పక్క మొనగా చెక్కిన రాయి.

"ఇది... గొడ్డలా?" అన్నాడు ఓబులేసు.

"మనుషులకు ఇనుము తెలియని రోజుల్లో ఇదే గొడ్డలి. ఎన్ని వేల ఏండ్లదో! మేడం చూసేది అప్పటి సమాధులు. ఈయన చూసేది అప్పటివాళ్లు పేడ కాల్చిన బూడిద దిబ్బలు."

"దీన్తో ఇరవైరెండేండ్లా?" అన్నాడు వెంకటేశు. కరీముల్లా తుమ్మాడు.

మొదట నవ్వింది సంజీవమ్మ. ఆమెను చూసి తలుపు సందుల్లో ఆడవాళ్లు నవ్వారు. మగవాళ్లు మాత్రం నవ్వలేదు. ఓబులేసు ముఖం ఎర్రబడింది. కొడవలి చెన్నకేశవ వైపు చూపించాడు.

"ఒరేయ్, ఒక తుండు కాయితంతో రెండు గేర్లను తలుపులేయిస్తావా? రా కిందికి!"

వెంకటేశు కూడా అరుగు దగ్గరికి వచ్చాడు. పదేండ్ల తర్వాత ఇద్దరికీ ఉమ్మడి పని ఒకటి దొరికింది. చెన్నకేశవ కళ్ల ముందు ఆ పాత సాయంత్రం నాటి బాంబు వెలుగు మెరిసింది. చేతికి దొరికింది భార్య పట్టుచీర కొంగు. దాన్నే గట్టిగా పట్టుకున్నాడు.

"కొట్టప్పా ఓబులేసన్నా," అంది సంజీవమ్మ కదలకుండా. "కొట్టినాక అందరూ ఎందుకు కొట్టినారని అడుగుతారు గదా. జమ్మలమడుగులో అడుగుతారు, పెద్దముడియంలో అడుగుతారు. నేను చెప్తా. బట్టతలాయన రాయీ, మజ్జిగన్నమూ తీసుకోని వస్తే, పైగేరీ కిందగేరీ గడియలు పెట్టుకోని వణికినారంట అని. ఒక్క మాట ఎక్కువ చెప్పను, తక్కువ చెప్పను."

ఓబులేసు వెంకటేశు వైపు చూశాడు. వెంకటేశు మీసాలాయన వైపు చూశాడు. మీసాలాయన నేల వైపు చూశాడు.

ఇద్దరు పెద్దమనుషులూ అరుగు పక్కకు పోయి చాలాసేపు మాట్లాడుకున్నారు. తిరిగి వచ్చేటప్పటికి ఇద్దరి భుజాల మీది తువ్వాళ్లూ మర్యాదగా నడుములకు చుట్టుకుని ఉన్నాయి.

"అమ్మా," అన్నాడు వెంకటేశు సంజీవమ్మతో, "ఈ రాయి సంగతి ఊరు దాటగూడదు. వచ్చినోళ్లు నిజంగానే శానా చెడ్డోళ్లనీ, మీ ఆయన వచ్చి ఒక్క మాటతో ఆపినాడనీ మేము చెప్పుకుంటాం. మాకేం నామోషీ ఉండదు."

"మేడం వాళ్ల పనికి అడ్డం రాగూడదు," అంది సంజీవమ్మ.

"మేమే గుంతలు తవ్వించి ఇస్తాం."

చెన్నకేశవ ఆ ఊర్లో ఒక్క మాట కూడా మాట్లాడలేదని చెప్పడానికి ఎవరూ మిగల్లేదు. వేంపల్లె పాయసం పోయినందుకు సంజీవమ్మ దారంతా సణిగింది. ఆయన గోడ నుంచి పీకిన కాగితాన్ని మడతలు పెట్టి పెట్టి గోళీ అంత చేశాడు.

తర్వాతి ఎలక్షన్ల నాటికి ఆ కథ పులివెందుల దాకా పోయింది. ఇప్పుడు చెన్నకేశవ ఎవరికోసమూ క్యాలెండరు తిప్పడం లేదు. ఏ రంగు తువ్వాలాయనైనా గడప బయటే ఆగి, "సామీ, ఈ దినం క్యాలెండరు ఏ పక్క ఉండాది?" అని అడిగి, సరిపోతేనే లోపలికి వస్తున్నాడు.