తాబేలు చేసిన రాస్తారోకో

ఆ రోజు పొద్దున అహల్య పెట్టుకున్న పని చిన్నదే. వానలకు తాబేళ్లు పొలాల్లోంచి చెరువుకు పోతూ మరిపెడ రోడ్డు ఎలా దాటుతాయో వాళ్ల వెంకట్రాం సారుకు చూపించాలి. యూనివర్సిటీలో వన్యప్రాణుల సంరక్షణ చదువు, ఆఖరి ఏడాది. సారు మెచ్చితే భూపాలపల్లి అడవిలో ఉద్యోగం, మెచ్చకపోతే తండాలో మిరపకాయలు ఏరడం. సారు షరతు ఒక్కటే: జంతువును చేత్తో ముట్టుకుంటే సున్నా.

తోడుగా సోమ్లా కాకా వచ్చాడు. ఆయన చదువు ఐదో తరగతిలోనే ఆగింది గానీ కొంటెతనం ఇంకా ఆగలేదు.

తాబేలు ఒకటి రోడ్డెక్కి సరిగ్గా నడిమధ్యకు వచ్చేసరికి మహబూబాబాద్ వైపు నుంచి లారీ దూసుకొచ్చింది. అహల్య స్కూటీ అడ్డంపెట్టి, గులాబీ చున్నీ తీసి ఊపింది.

"ఏందక్కా, తెలంగాణ కోసమా?" అన్నాడు డ్రైవర్.

ఆమె కాదనేలోపే కాకా అందుకున్నాడు. "ఇంకెందుకు మరి? బండి బంజెయ్ తమ్మీ! జై తెలంగాణ!"

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. రోడ్డు మీద నలుగురు ఆగితే ఐదోవాడు కారణం అడగడు, కూర్చుంటాడు. లారీ వెనక ఆటోలు, ఆటోల వెనక ట్రాక్టర్లు ఆగాయి. డప్పులొచ్చాయి. ఆడవాళ్లు రోడ్డు మీదే మూడు రాళ్లు పెట్టి వంటావార్పు మొదలుపెట్టారు. ఉద్యమ నాయకుడు పోశాలు మైకుతో సహా దిగాడు. డప్పుల మోతకు తాబేలు తల లోపలికి లాక్కుంది.

"నా బతుకు ఆగం జేసినవ్ కాకా! సారొచ్చే యాల్లయింది!"

"పరేషాన్ గాకు బిడ్డా. సారు గూడ కూసుంటడు."

పోశాలు కాకా దగ్గరికొచ్చాడు. "అన్నా, ఎంతసేపు కూసోవాలె?"

"తాబేలు దాటేదాక."

"గదేంది?"

"పైనుంచి ఆర్డర్."

పైనుంచి అనేసరికి పోశాలు మరో మాట అడగలేదు. మైకు అందుకున్నాడు. "అక్కలారా, అన్నలారా! డప్పులు ఆపుండ్రి. తాబేలు దాటేదాక ఎవరు గూడ సప్పుడు జెయ్యొద్దు!"

అంతలో సీఐ మఫ్టీలో దిగాడు. "మీ డిమాండ్ ఏంది?"

"ఆ తాబేలు దాటితే చాలు సార్," అంది అహల్య ఏడుపు గొంతుతో.

సీఐ మొహం వెలిగిపోయింది. ఉద్యమం మొదలైనప్పటి నుంచి ఆయన తన చేతులతో తీర్చగల డిమాండ్ ఇదొక్కటే. వెంటనే తాబేలును ఎత్తుకుని పొలాల వైపు నడిచాడు.

"అటు కాదు సారూ! అది అటుకెల్లే వచ్చింది!" అని జనం అరిచారు.

ఆగిన బండ్ల వెంట నడిచి నడిచి, ప్యాంటు మడతపెట్టుకుని, వెంకట్రాం సారు అప్పుడే చేరాడు. "ఎవరయ్యా నువ్వు? చేత్తో ముట్టుకోవద్దని చెప్పలేదా? దించు! నీకు సున్నా! పోయి పక్కన నిలబడు."

సీఐ తాను పోలీసునన్న సంగతి మరిచి, తాబేలును నడిరోడ్డున దించి, పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

అహల్య కళ్లు మూసుకుంది. సారు చుట్టూ చూశాడు. అన్ని వందల మంది చప్పుడు లేకుండా ఒక తాబేలును చూస్తూ కూర్చున్నారు. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నేను సంరక్షణ మీద సభ పెడితే, భోజనాలు పెట్టినా పదిమంది రారమ్మా. వీళ్లను ఏం చెప్పి కూర్చోబెట్టావు?"

"ఇంటింటికి తిరిగి చెప్పింది సార్," అన్నాడు కాకా. "పిల్ల కాళ్లరిగినయ్."

భూపాలపల్లి ఉద్యోగం అక్కడే ఖాయమైంది. సారు పోశాలు పక్కన కూర్చుని రెండుసార్లు అన్నం వేయించుకున్నాడు.

సాయంత్రానికి తాబేలు రోడ్డు దాటింది. తెలంగాణకే ఇంకొంత కాలం పట్టింది.